గోతిలోంచి మూడు దెబ్బలు

రాత్రి తొమ్మిది దాటాక ఆ షెడ్డు ముందునుంచి నడవాల్సొస్తే మా వీధిలో మగాళ్ళు కూడా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటారు. నవ్వకండి. నేనూ పట్టుకున్నాను, ఒకసారి కాదు, ఆరేళ్ళపాటు.

చప్పుడైతే లోపలివాడికి వినపడుతుందిట. వినపడితే... బయట మనిషున్నాడని తెలిసి కొడతాడుట. మూడు దెబ్బలు. కాస్త ఆగి మళ్ళీ మూడు. నేల కిందనుంచి.

కొట్టేది ఎవరంటే, మాస్టారు. లెక్కల మాస్టారు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది.

నేనా వీధిలో అద్దెకి దిగిన రోజే, ఇంకా మంచం కూడా వాల్చుకోకముందే, ఎదురింటి మామ్మ వచ్చి గడపలో కూర్చుని కథంతా చెప్పేసింది. మాస్టారికి ఓ పాతకాలం కారు ఉండేదిట. బడి నుంచి రాగానే ఇంటి పక్కనున్న షెడ్డులో దూరడం, నేలలో తవ్వించుకున్న గోతిలోకి దిగడం, కారు కింద నిలబడి ఏదో ఒకటి విప్పడం, బిగించడం. అన్నానికి పిలిస్తే పలికేవాడు కాదు. ఓ రోజు తెల్లారి చూస్తే కారు గోడకి ఆని ఉంది, ఆ గోతిలోనే చచ్చి పడున్నాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. రాత్రి తొమ్మిదికే ప్రాణం పోయిందన్నాడు.

"తొమ్మిదికి పోయాడా..." మామ్మ గొంతు తగ్గించింది. "పదకొండింటికి కారు స్టార్టయింది నాయనా. చచ్చినవాడి కారు! ఆ వెనకాల కిందనుంచి కొట్టుడు... ఒకరం కాదు, వీధి వీధంతా విన్నాం."

"మరి ఎవరూ వెళ్ళి చూడలేదా మామ్మా?"

"వెళ్తే ఏమయ్యేదో! నీకేం, కొత్తగా వచ్చావు, ఏమైనా అడుగుతావు" అని కసిరి లేచిపోయింది.

సామాను దింపేసుకున్నాను కాబట్టి ఉండిపోయాను.

ఇక మా బావ సంగతి. మా అక్క మొగుడు. పాత కార్ల ఇంజిన్లు విప్పి మళ్ళీ కట్టడం ఆయన పని. నేను ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పని చేస్తాను. ఆయన తెచ్చిన అరిగిన ఇనుప ముక్కలకి ప్రాణం పోసేది నేను, పేరొచ్చేది ఆయనకి. బావా బామ్మర్దులం కాబట్టి రోజుకో మాట అనుకోకపోతే ఇద్దరికీ తిన్నది అరగదు.

పాత ఒక రోత, కొత్త ఒక వింత అంటుంది లోకం. మా బావ దగ్గర అది తలకిందులు. కొత్త సామాను చూస్తే ఆయనకి ఒళ్ళు మంట. ఇంజిన్ విప్పితే ప్రతి ముక్కకీ ఓ అట్టముక్క కట్టి అంకె రాస్తాడు. ఒకటో పిస్టన్ ఒకటో రంధ్రంలోకే. మూడో రాడ్డు మూడో దానికే. పొరపాటున నేను రెండూ కలిపేస్తే ఆ పూట నాతో మాట్లాడడు.

"ఏళ్ళ తరబడి కలిసి అరిగినవిరా ఇవి. మొగుడూ పెళ్ళాల్లాంటివి. విడదీస్తే రెండూ చెడతాయి."

"ఆ లెక్కన మా అక్క బాగా అరిగింది బావా" అన్నాను.

స్పానర్ విసిరాడు. తప్పుకున్నాను కాబట్టి మీకీ కథ చెప్తున్నాను.

అలాంటి మనిషి దగ్గరికి మాస్టారి భార్యని తీసుకెళ్ళింది నేనే. వీధంతా ఆవిణ్ణి పిన్నిగారు అంటాం. పెద్దగా మాట్లాడని మనిషి. పన్నెండేళ్ళుగా ఆ షెడ్డు తాళం తీయలేదు. అలాంటిది ఓ రోజు తనే మా ఇంటికొచ్చింది, బావ దగ్గరికెళ్ళాక అడిగింది.

"మాస్టారి కారు ఒక్కసారి ఆడించి ఇవ్వాలి నాయనా. నాకు ఊరేగక్కర్లేదు. ఆ చప్పుడు ఒక్కసారి వింటే చాలు. కానీ ఒకటి... ఆ ఇంజిన్ ఆయన చేత్తో కట్టుకున్నది. ఆయన వేసినవేవీ తీసి కొత్తవి వెయ్యొద్దు."

మా బావ మొహం చూడాలి అప్పుడు! ఇన్నాళ్ళకి తన భాష తెలిసిన మనిషి దొరికినట్టు వెలిగిపోయింది.

"ఒక్క కొత్త బోల్టు కూడా వెయ్యనమ్మా" అని మాటిచ్చేశాడు.

పగలంతా నేను నా పని చూసుకుని, సాయంత్రం కాసేపు వెళ్ళి చెయ్యి సాయం పట్టేవాణ్ణి. పగటిపూట కదా, భయం లేదు. ఇంజిన్ తలకాయ, అదే హెడ్, ఎత్తిన రోజున లోపల చూశాను. పిస్టన్ల నెత్తినా, హెడ్ గుంటల్లోనూ గోరు మందాన నల్లటి మసి. గట్టిపడి రాయైపోయి ఉంది.

"గీకేద్దాం బావా. ఓ పూట పని" అన్నాను.

"ముట్టుకోకు."

"అదేంటి?"

"అరిగిన ఇంజిన్‌కి అంచున మసి ఉంటేనే నూనె పైకెక్కదు. గీకామంటే పొగ కక్కుతుంది. అప్పుడు పిస్టన్లకి కొత్త రింగులు వెయ్యాలి. కొత్తవి వెయ్యనని ఆవిడకి మాటిచ్చాను."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పాత మెకానిక్కులు అంచు వెంట మసి వలయాన్ని అలాగే వదిలేస్తారు. కానీ మధ్యలోది గీకుతారు. ఆ మాటే అన్నాను.

"మసి కూడా ఆయన చేతిదేరా" అన్నాడు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. నోరు మూసుకున్నాను. జన్మలో నేను నోరు మూసుకోకూడని సమయం ఏదైనా ఉందంటే అదే.

ఇంజిన్ కట్టడం అయింది. స్టార్ట్ చెయ్యబోతే కాలేదు. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. తిప్పి తిప్పి బావ భుజాలు వాచాయి. మూడో రోజు సాయంత్రం షెడ్డుకి బయట తాళం వేసి, తాళంచెవి పిన్నిగారి చేతిలో పెట్టాడు.

"రేపొస్తానమ్మా."

ఆవిడ సరేనన్నట్టు తలూపింది. ఎనిమిదింటి బస్సుకని బావ నడుచుకుంటూ వెళ్ళడం వీధంతా చూసింది. మలుపు దాకా నేనే వెళ్ళి సాగనంపి వచ్చాను.

ఇక్కణ్ణించి బావ చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను. కల్పించింది ఒక్క ముక్క లేదు.

బస్టాపులో నిలబడ్డాడు. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టాడు... ఠక్కున వెలిగింది. స్పార్క్ ప్లగ్గులకి వెళ్ళే నాలుగు వైర్లలో రెండు అటూ ఇటూ తగిలించాడు! ముప్ఫై ఏళ్ళ అనుభవం, అప్రెంటిసు చేసే తప్పు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

బామ్మర్దికి చెబితే ఏడాదిపాటు నవ్వుతాడు. అందుకని నాకు చెప్పలేదు. పిన్నిగారిని పిలిచి తాళంచెవి అడగడానికి సిగ్గేసింది. షెడ్డు వెనకాల సందులోకి ఓ చిన్న తలుపుంది, బయటినుంచి గొళ్ళెం తీస్తే చాలు. అటునుంచి దూరాడు. ముందు తలుపుకి బయట తాళం తాళంలాగే వేలాడుతోంది.

వైర్లు మార్చడం రెండు నిమిషాల పని. కానీ పాపం, అప్పుడు కూడా వెంటనే కాలేదు. బ్యాటరీ చల్లారిపోయింది. దాన్ని మళ్ళీ ఎక్కించి, ప్లగ్గులు తుడిచి, పెట్టి... పది దాటాక ఒక్క తిప్పుకే అందుకుంది.

"ఏం చప్పుడురా అది! పన్నెండేళ్ళు పడుకున్న ఇంజిన్‌లా లేదు. నిన్న సాయంత్రం ఆపినట్టుంది."

ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయిట. వీధి పడుకుంది కదా, గోల చేస్తారని వెనక తలుపు కూడా లోపలికి లాగి వేశాడు.

మనిషి అజాగ్రత్తపరుడు కాదు. అది చెప్పాలి. పొగ లోపల చేరకుండా సైలెన్సర్ కొసకి రబ్బరు గొట్టం తొడిగి, పక్క గోడ కంతలోంచి బయటికి పంపాడు. పెట్రోలు ట్యాంకు తుప్పు పట్టి ఉందని చిన్న డబ్బా ఒకటి పైన దూలానికి వేలాడదీసి, దాన్నుంచి పెట్రోలు ఇచ్చాడు. కారు తాళంచెవి ఎప్పుడో పోయింది, అందుకని బ్యాటరీ నుంచి ఓ వైరు నేరుగా కలిపాడు. ఆ వైరు పీకితే ఇంజిన్ ఆగాలి. ఇంకా హ్యాండ్ బ్రేకు బిగించలేదు, నేలేమో గోడవైపు కాస్త వాలు, అందుకని ముందు చక్రానికి చెక్కముక్క అడ్డం పెట్టాడు.

అరగంట ఆడాక, కింద చుక్కచుక్కగా నూనె కారుతున్న జాడ కనపడింది. వేడిమీద ఉన్నప్పుడే చూడాలి. వైరు కొస చేత్తో పట్టుకుని, ఓ స్పానరూ టార్చీ తీసుకుని గోతి మెట్లు దిగాడు. మెట్లు కారు ముక్కువైపు, వెనక గోడ దగ్గర.

గోతిలో నడుంవంచి నిలబడితే కారు కడుపు నెత్తికి తగులుతుంది. గొయ్యి కారు పొడవులో సగమే, రెండు పక్కలా సిమెంటు గోడలు. మోచేతులు చాచడానికి చోటు లేదు.

ఓ బోల్టు వదులైంది. బిగించాడు. చుక్క ఆగింది.

"ఇక చాలు తల్లీ, పడుకో" అని వైరు లాగాడు.

ఇంజిన్ ఆగలేదు.

మళ్ళీ లాగాడు. వైరు మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. టార్చి వేసి చూశాడు... ఊడిన కొస తన చేతిలోనే ఉంది. పైన ఏదీ కలిసి లేదు.

ఇంజిన్ ఆడుతూనే ఉంది.

అంతవరకూ హాయిగా పాడింది ఇప్పుడు పాడటం లేదు. తన్నుకుంటోంది. దగ్గుతోంది. ఎవరో లోపల కూర్చుని కాళ్ళతో తంతున్నట్టు బండి మొత్తం అటూ ఇటూ ఊగుతోంది. ముప్ఫై ఏళ్ళలో దెయ్యమనే మాటకి నవ్విన మనిషికి ముచ్చెమటలు పట్టాయి.

"మాస్టారూ..." అన్నాడుట. ఎందుకన్నాడో ఆయనకే తెలీదు.

అప్పుడు చెక్కముక్క జారింది.

బండి ముందుకి కదిలింది. మెల్లగా, ఓ మూడడుగులు. మెట్లమీద పడుతున్న బల్బు వెలుగు సన్నబడి... సన్నబడి... పోయింది. బంపరు వెళ్ళి వెనక గోడకి ఆనింది. మెట్లమీద ఇప్పుడు కారుంది. గోతి మూత పడింది.

ఆ కదలికకే వెనక రబ్బరు గొట్టం ఊడింది. కళ్ళతో చూడలేదు, ముక్కుతో తెలుసుకున్నాడు. పొగ.

బంపరు కింద జానెడు సందుంది. చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా వెళ్ళింది. తల పట్టదు. భుజం అసలే పట్టదు. బండిని వెనక్కి తొయ్యబోయాడు. నడుంవంచి నిలబడ్డ మనిషికి ఏం బలం ఉంటుంది? పెట్రోలు డబ్బా పైన దూలానికి ఉంది, ఫోను కారు సీట్లో ఉంది. బావకి బుర్ర ఎలా పనిచేస్తుందో దాన్నిబట్టే తెలుస్తోంది కదా: కావాల్సినవన్నీ పైన పెట్టి తాను కిందికి దిగాడు.

బుర్ర అప్పుడు పనిచేసింది. మంట లేకుండా పెట్రోలు ఎలా మండుతుంది? మండదు. అంటే లోపల నిప్పుంది. ఎక్కడ?

మసి.

గోరు మందాన ఉన్న ఆ మసి అరగంట కాగి కణకణలాడే బొగ్గైంది. లోపలికొచ్చిన పెట్రోలుని అదే అంటిస్తోంది. కరెంటుతో దానికి పనే లేదు. పాతబడ్డ ఇంజిన్లు అప్పుడప్పుడూ అలా నాలుగు తన్నులు తన్ని ఆగిపోతాయి, బావ ఎన్నోసార్లు చూశాడు. ఇదీ ఆగుతుందని చూశాడు.

పది లెక్కపెట్టాడు. యాభై. వంద.

ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇవాళ్టికీ బావకి అర్థం కాలేదు.

తల బరువెక్కింది. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. కేకేశాడు. ఆ చప్పుడులో తన కేక తనకే వినపడలేదు. అప్పుడు స్పానర్‌తో పైనున్న ఇనుప పట్టీ మీద కొట్టాడు. టంగ్. టంగ్. టంగ్. ఊపిరి తీసుకుని మళ్ళీ మూడు.

కొడుతూ కొడుతూ ఉండగా చెయ్యి గాల్లోనే ఆగిపోయిందిట. ఇదే ఇంజిన్. ఇదే మసి. ఇదే గొయ్యి. ఇవే మూడు దెబ్బలు...

"మాస్టారు తొమ్మిదికి పోలేదురా" అన్నాడు తర్వాత నాతో. "అది అర్థమైనాక కొట్టడానికి చెయ్యాడలేదు. ఆయన కొట్టినా ఎవరూ రాలేదని తెలిసిపోయింది కదా."

కానీ కొట్టాడు. ఇంకేం చేస్తాడు.

ఇప్పుడు నా సంగతి. దాచుకోను.

పదింటికి నేను పడుకున్నాను. ఇంజిన్ చప్పుడుకి మెలకువొచ్చింది. లేచి కిటికీలోంచి చూశాను. షెడ్డు తలుపుకి తాళం వేలాడుతోంది. లోపల కారు ఆడుతోంది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఎదురింట్లో లైటు వెలిగింది, వెంటనే ఆరింది. ఆ పక్కింట్లో తలుపు గడియ వేసిన చప్పుడు. ఒకరొకరుగా వీధిలో కిటికీలన్నీ మూసుకుంటున్నాయి.

పదకొండుకి ఫోన్ మోగింది. మా అక్క.

"మీ బావ ఇంకా రాలేదేంట్రా?"

"ఎనిమిదింటికే బస్సెక్కాడుగా."

"ఎక్కితే ఇల్లు చేరడా? ఫోనూ ఎత్తడు. నాకెందుకో భయంగా ఉందిరా. కాస్త వెళ్ళి చూడరా."

సరిగ్గా అప్పుడే మొదలైంది. టంగ్. టంగ్. టంగ్.

"ఏంట్రా ఆ చప్పుడు?" అంది అక్క.

"ఏం లేదు. వస్తాడులే, పడుకో" అని ఫోన్ పెట్టేశాను.

నాకు అనుమానం రాలేదని చెప్తే కళ్ళు పోతాయి. వచ్చింది. బావేమో అని ఒక్క క్షణం అనిపించింది. మళ్ళీ నేనే సర్దిచెప్పుకున్నాను. బయట తాళం ఉందిగా. నా కళ్ళతో నేను సాగనంపానుగా. వెళ్తే... బావ కాకపోతే? దుప్పటి నెత్తిమీదికి లాక్కున్నాను. లోపల చెవులు మూసుకున్నాను. సొంత అక్క మొగుడు మూడిళ్ళవతల చస్తుంటే నేను చేసిన ఘనకార్యం అది.

గోతిలో బావ కూలబడిపోయాడు. స్పానర్ చేతిలోంచి జారింది. వెతికే ఓపిక లేదు. పిడికిలితో కొట్టాడు. అది చప్పుడే కాలేదు. కళ్ళముందు నల్లగా ఏదో దగ్గరికొస్తోంది...

అప్పుడు పైనుంచి ఓ ఆడగొంతు. చెవి పక్కనే. బంపరు సందులోంచి.

"ఏమండీ..."

బావ తలెత్తాడు.

"ఏమండీ... వచ్చారా?"

పలకాలా వద్దా? పలికితే ఏమవుతుంది? అక్కకి ఎన్నో ఏళ్ళుగా 'ఆ' అని కూడా సరిగ్గా పలకని మనిషి, ఆ పిలుపుకి పలకడానికి ఉన్న ఊపిరంతా కూడదీసుకున్నాడు.

"నేనమ్మా... మెకానిక్‌ని."

పైన మాట లేదు. ఇంజిన్ దగ్గు తప్ప ఇంకేం వినపడలేదు. వెళ్ళిపోయిందేమో అనుకున్నాడు.

"ఒక్క క్షణమేరా ఆవిడ మాట్లాడంది" అని చెప్పాడు బావ. "ఆ క్షణంలో ఆవిడ ఆయన్ని ఇంకోసారి పోగొట్టుకుంది. నాకు తెలిసిపోయింది."

పిన్నిగారే. చేతిలో టార్చి, షెడ్డు తాళంచెవి. ముందు తలుపులు రెండూ బార్లా తీసింది. చల్లగాలి ఓ తెర నేలబారున లోపలికొచ్చింది. ఆవిడ నేలమీద బోర్లా పడుకుని బంపరు సందులోంచి టార్చి వేసింది.

"ఏం చెయ్యాలో చెప్పు నాయనా. తొందరగా చెప్పు."

"సీట్లో కూర్చోండమ్మా... మధ్యలోది బ్రేకు, గట్టిగా తొక్కండి... ఎడం కాలు క్లచ్... గేరు వేసి... ఎడం కాలు వదిలెయ్యండి..."

బావ గొంతు అక్కడితో పడిపోయింది. పైన కారు తలుపు వేసిన చప్పుడు. గేరు కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. బండి ఒక్కసారి ఎగిరిపడింది, బ్రేకుని లాగలేక ఇంజిన్ ఆగింది.

నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోంచి మా వీధికి వినపడిన మొదటి మాట పిన్నిగారిది. పన్నెండేళ్ళుగా గట్టిగా దగ్గడం కూడా ఎరగని మనిషి, వీధి మధ్యలో నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"మనిషి! లోపల మనిషున్నాడు! దెయ్యం కాదు, మనిషి! రండయ్యా!"

దుప్పటి ఎటు విసిరానో తెలీదు. చెప్పులు లేకుండా పరిగెత్తాను. నాతోపాటు నలుగురైదుగురు. బండి వెనక్కి తోశాం. గోతిలోకి దిగి బావని భుజానేసుకుని పైకి తెచ్చింది నేను. ఇనుప ముక్కలు మోసే భుజం కదా, బరువనిపించలేదు. ఏడుపొచ్చింది. బయట అరుగు మీద కూర్చోబెడితే, ముందు వాంతి చేసుకున్నాడు, ఆ తర్వాత కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"గీకాల్సిందిరా" అన్నాడు.

నీళ్ళిచ్చాం. ఒంటిమీద చొక్కా తడిసి ముద్దైంది. అరచెయ్యి చీరుకుపోయి రక్తం. ఈలోగా వీధంతా అక్కడికే చేరింది. ఎదురింటి మామ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చింది. తలో మాటా అంటున్నారు. ఆయుష్షు గట్టిదన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నారు, బండి కోసం ఓ మనిషి పరిగెత్తాడు. కరెంటు లేకుండా కారు ఎలా ఆడిందని అడిగారు. బావ దగ్గుతూ దగ్గుతూ మసి సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు.

చెప్పడం చెప్పడం ఆగిపోయాడు. పిన్నిగారు ఎదురుగా నిలబడి వింటోంది. అప్పుడు తెలిసింది ఆయనకి, ఎవరి ముందు ఏం చెప్తున్నాడో.

గోల తగ్గింది. మసి ఎవరిదో, ఇంజిన్ ఎవరిదో అందరికీ తెలుసు కదా. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మానేశారు.

పిన్నిగారు బావ పక్కన అరుగు మీద కూర్చుంది. చీరుకుపోయిన అరచేతిని తన కొంగుతో ఒత్తి పట్టుకుంది.

"ఎంతసేపు కొట్టావు నాయనా?"

"తెలీదమ్మా. కాసేపే."

"అబద్ధమాడకు. నేను విన్నాను. కారు చప్పుడు కలనుకున్నాను, మొదటి దెబ్బకే మంచం దిగాను, తాళంచెవి కనపడక అల్లాడిపోయాను. పావుగంట కొట్టావు." ఆవిడ ఆగింది. "ఆయన అరగంట కొట్టారు."

"అమ్మా, అదేం మాట!" అంది ఎదురింటి మామ్మ. "ఆయన తొమ్మిదికే పోయాడుగా. డాక్టరు చెప్పాడుగా..."

"డాక్టరు టైము చెప్పలేదు మామ్మగారూ. గుండె ఆగిందన్నాడు, అంతే. తొమ్మిదని చెప్పింది మీరు. నేను విన్నది ఆయన చప్పుడు కాదని, దెయ్యమని, మర్నాడు నా పక్కన కూర్చుని చెప్పింది మీరు."

మామ్మ కర్ర రెండు చేతులా పట్టుకుంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి.

"ఆ రోజు సాయంత్రం ఆయనతో పోట్లాడాను" అంది పిన్నిగారు. "రోజూ ఆ కొట్టుడేంటి, తల పగిలిపోతోందన్నాను. రాత్రి మళ్ళీ కొట్టడం మొదలెట్టారు. నా మీద కోపంతోనే అంత గట్టిగా కొడుతున్నారనుకున్నాను. లేచి కిటికీ వేసేసుకున్నాను."

ఆవిడ నా వైపు తిరిగింది. నేను అప్పటికి అనుకుంటూనే ఉన్నాను, నన్నడక్కపోతే బాగుండునని.

"నీకు వినపడిందా నాయనా ఇవాళ?"

అబద్ధం చెప్పొచ్చు. నిద్రపోయానని చెప్పొచ్చు. బావ నన్నే చూస్తున్నాడు.

"వినపడింది పిన్నిగారూ."

ఆవిడ నన్నేం అనలేదు. తలూపింది. తర్వాత ఎదురింటి మామ్మ వైపు చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది.

"మరి ఆ రోజు మామ్మగారూ?"

మామ్మ కర్ర వదిలేసి పిన్నిగారి కాళ్ళ దగ్గర నేలమీద చతికిలబడిపోయింది.

"వినపడిందే అమ్మా" అంది. "అందరికీ వినపడింది. రోజూ కొట్టేవాడేగా అని పడుకున్నాం."